వాన వద్దనుకున్న గురువారం

ఆ రోజుల్లో నాకు మబ్బంటే భయం. (ఉరుముల భయం కాదు, ఉద్యోగ భయం.) ఇటిక్యాల దగ్గర మెట్టసేద్యం చేసే ఇంట్లో పుట్టి, ఆకాశం నల్లబడితే చాలు ఇంటిల్లిపాదీ సంబరంగా వాకిట్లోకి పరిగెత్తే చోట పెరిగి, "దేవుడా, గురువారం దాకా ఒక్క చినుకు కూడా రాల్చకు" అని మొక్కుకున్న మనిషిని పాలమూరు మొత్తంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. మా నాయనకు తెలిసి ఉంటే ఇంట్లోకి రానిచ్చేవాడు కాదు.

వనపర్తిలో డిగ్రీ అయిపోయాక నాగర్‌కర్నూల్‌లో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో చేరాను. సంస్థ అంటే ఎరువుల దుకాణం మీద రెండు గదులు, ఒక ప్రింటరు, దాన్ని నెత్తిన చరిచి పని చేయించే మా పెద్దసారు, అంతే. తిమ్మాజిపేట దగ్గర ఒక ఊళ్లో కుంట కట్టకు గండి పడి ఏళ్లు గడిచాయి. దాన్ని బాగుచేయించడానికి హైదరాబాదులోని ఒక ఫౌండేషన్‌ను డబ్బు అడగాలి. అలా అడిగే కాగితాన్ని ప్రపోజల్ అంటారనీ, అది రాయాల్సింది నేనేననీ చేరిన కొద్ది రోజులకే తెలిసింది. ఆ ఊరికి వెళ్లినప్పుడల్లా నాకు భోజనం పెట్టే ఒక పెద్దమ్మ పొలం ఆ కుంట కిందే ఉంది. నీళ్లు నిలిస్తే యాసంగిలో రెండో పంట కూడా పండుతుంది. లేదంటే దసరా దాటగానే కొడుకూ కోడలూ పసిపిల్లను చంకనేసుకుని పుణెలో బిల్డింగు పనులకు పోవాలి. "ఈ యేడన్న నా మనుమరాలు నా కాడ ఉంటదా బిడ్డా?" అని అడిగేది పెద్దమ్మ, అన్నం వడ్డిస్తూ. నేను కూర బాగుందనేదాన్ని.

నేను మొదట రాసింది ఒకే ఒక్క పేజీ. కట్ట తెగింది, కట్టాలి, ఇంత ఖర్చవుతుంది అని. పెద్దసారు చదివి పెదవి విరిచారు. "గిట్ల రాస్తె పైసలెవరిస్తరమ్మా? సదివెటోళ్ల కండ్లల్ల నీళ్లు తిరగాలె. కరువు గురించి రాయి. ఫొటోలు పెట్టు. జర పెద్ద పెద్ద మాటలు వెయ్యి." వేశాను. సుస్థిరత, సాధికారత, సమగ్రత, 'స'తో మొదలయ్యేవి ఎన్ని దొరికితే అన్ని. భూతాపం మీద ఒక అధ్యాయమే రాశాను. "ఈ ప్రాంతంలో వాన అన్నది వృద్ధుల జ్ఞాపకాల్లో మాత్రమే మిగిలింది" అనే వాక్యం రాసి, రాసిన నాకే కళ్లు చెమ్మగిల్లి, ఆ అక్షరాలను లావుగా చేశాను. నెర్రెలిచ్చిన కుంట అడుగు ఫొటో అట్ట మీదికెక్కింది. పాపం కట్ట సంగతి మాత్రం వెనక్కి వెనక్కి జరిగి, ఎక్కడో పట్టికల మధ్య నక్కి కూర్చుంది.

ఫౌండేషన్ మేడం గురువారం స్వయంగా చూడ్డానికి వస్తున్నారని ఫోనొచ్చింది. "మేడం వచ్చి పోయెదాక ఎండ గిట్లనే కొడితే మంచిగుండు" అన్నారు పెద్దసారు. ఆయన నవ్వుతూనే అన్నారు గానీ, నాకు ఆ మాట పట్టుకుంది. పొద్దున లేస్తే ఫోన్లో వాతావరణం చూడడం, అందులో మబ్బు బొమ్మ కనిపిస్తే కిటికీలోంచి తొంగిచూడడం, ఇదే పని. వాన పడకూడదని కోరుకుంటున్నది పెద్దమ్మ మనుమరాలి కోసమేనని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని. మనసు మాత్రం ఊరుకునేది కాదు.

బుధవారం ఏర్పాట్లు చూడ్డానికి ఊరికి వెళ్తే, అక్కడ కప్పతల్లి ఆడుతున్నారు! వానల కోసం రోకలికి తడిబట్టలో కప్పను కట్టి, వేపమండలు చుట్టి పిల్లలు ఇంటింటికీ తెస్తుంటే, ఆడవాళ్లు దానిమీద బిందెలకొద్దీ నీళ్లు కుమ్మరిస్తున్నారు. పెద్దమ్మ నా చేతికి చెంబిచ్చింది. నేను కప్పకు జలుబు చేస్తుందేమో అన్నంత జాగ్రత్తగా ఓ నాలుగు చుక్కలు వంపాను.

"ఏందే, గట్ల పోస్తవు? నీ ఇంటి సొమ్మేమన్న పోతదా?" అని పెద్దమ్మ చెంబు లాక్కుని మొత్తం గుమ్మరించింది. కప్ప నావైపే చూసింది. (నా అనుమానమే కావచ్చు.)

గురువారం మేడం కారు దిగేసరికి ఎండ పేలిపోతోంది. హమ్మయ్య అనుకున్నాను. కుంట దాకా నడిచేసరికి పడమటి వైపు నల్లగా లేచింది. ఆ తర్వాత పడిన వానను వాన అనడానికి కూడా నాకు నోరు రాదు. మేడం గొడుగు తెచ్చుకోలేదు. ఎందుకు తెచ్చుకుంటారు, మా ప్రపోజల్ చదివి వచ్చారు కదా! అందరం మోటారు కొట్టం కిందికి దూరాం. మేడం నెత్తిన పెట్టుకున్న ఫైలు అట్ట మీద నెర్రెలిచ్చిన కుంటలోంచి నీళ్లు కారుతున్నాయి.

"వాన జ్ఞాపకాల్లోనే మిగిలిందని రాశారు?" అన్నారు మేడం. ఆ గొంతులో వెటకారం లేదు, నిజంగానే అడుగుతున్నారు. అందుకే ఇంకా భయమేసింది.

"అంటే మేడం... ఈ వాతావరణ మార్పులున్నయి చూడుండ్రి..." అని పెద్దసారు ఎత్తుకున్నారు.

అంతలో పై చేలల్లోంచి ఎర్రనీళ్లు సుడులు తిరుగుతూ కుంటలోకి దిగాయి. దిగినవి దిగినట్టే గండిలోంచి వాగులోకి దూకుతున్నాయి. పెద్దమ్మా ఆమె కొడుకూ పరిగెత్తుకొచ్చి మట్టి సంచులు అడ్డం వేస్తున్నారు. వేసింది వేసినట్టు కొట్టుకుపోతోంది. పెద్దమ్మ ఏడవడం లేదు, నీళ్లను తిడుతోంది. "ఓ, యాడికే ఉరుకుతుండ్రు? ఆగుండ్రే, జర ఆగుండ్రే!" అని.

నాకేమైందో ఇప్పటికీ తెలియదు. కొట్టంలోంచి వానలోకి వచ్చి పడ్డాను. "ఏం జూస్తున్నరు మేడం? మాకు వాన రాక కాదు కరువు, వచ్చింది నిలవక! గీ నీళ్లు గిట్లనే పోతయి, ఎన్కనే గీ మనుషులు గూడ పోతరు! గీ గండి పూడ్సనీకే గద మిమ్ముల అడిగింది!" అని అరిచి, ఒక సంచీ ఎత్తబోయి, బురదలో కూలబడ్డాను. పెద్దసారు కళ్లు మూసుకున్నారు. (ఆఫీసు అద్దె గుర్తొచ్చి ఉంటుంది.) ఆయన కళ్లు తెరిచేసరికి మేడం చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు దోపి, నా సంచీ రెండో కొస పట్టుకుని ఉన్నారు. ఇద్దరం కలిసి వేసిన ఆ సంచీ కూడా కొట్టుకుపోయింది, అది వేరే సంగతి.

వాన వెలిశాక పెద్దమ్మ ఇచ్చిన పొడిచీర కట్టుకుని, చాయ్ తాగుతూ మేడం అడిగారు, "ఆ గండి గురించి ఎక్కడ రాశారు?" వెతికాం. తడిసిన పేజీలు అంటుకుపోయి, భూతాపం దాటి ముందుకు పోలేకపోయాం. "మమ్మల్ని ఏడిపించడానికి రాసినవి చాలా వస్తాయమ్మా. ఏం చేస్తారో, చేస్తే ఎవరికేమవుతుందో చెప్పేవి తక్కువ. ఇందాక అరిచావే, అది రాసి పంపు. ఒక్క పేజీ చాలు" అన్నారు మేడం.

పంపాను. మంజూరైంది కూడా. కానీ సంతకాలన్నీ అయి డబ్బు చేతికొచ్చేసరికి దసరా దాటిపోయింది. పెద్దమ్మ కొడుకూ కోడలూ ఆ ఏడు కూడా పుణె బస్సెక్కారు. తల్లి భుజం మీంచి ఆ పసిది నవ్వుతూ నాకు చేయి ఊపింది. నేను బస్టాండులో అందరి ముందే ఏడ్చాను.

కట్ట ఎండాకాలంలో కట్టాం. మరుసటి దసరా దాటాక ఊరికెళ్లి చూస్తే కుంటలో నీళ్లు, కట్ట మీద మనుమరాలు, దాని వెనక అరుస్తూ పెద్దమ్మ. తిరిగొచ్చి ఫౌండేషన్‌కు పంపాల్సిన రిపోర్టు రాశాను. "నీళ్లు నిలిచాయి. పిల్ల ఊళ్లోనే ఉంది." అంతే. పెద్దసారు చదివి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత మెల్లగా, "మంచిగుందమ్మా. కాని రిపోర్టంటె జర బరువుండాలె, కొంచెం పెంచు" అన్నారు.

పెంచాను, భయపడుతూనే. 'నీళ్లు నిలిచాయి' అన్న ఆ మొదటి పేజీని మాత్రం ఆయన ఎంత బతిమాలినా ముట్టుకోనివ్వలేదు. ఇప్పుడు నేనే పదిమందికి ప్రపోజళ్లు రాయడం నేర్పుతున్నాను, ఎవరేం అడిగినా "అట్లాగే, మారుద్దాం" అంటున్నాను. అప్పటి నాలోని ఆ బురదకాళ్ల పిల్ల మొండితనం తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా కలుగుతుంది.