ఖాళీ గడి సంగతి

మా వదినకు విత్తనాల పరీక్షశాలలో ఉద్యోగం. ఒక్కో రకానికి నాలుగు ట్రేలు. ట్రేకు నూరు గింజలు తడి కాగితం మీద పరిచి, వారం తర్వాత మొలకలు లెక్కపెడుతుంది. సగటు ఎనభై దాటితే ఆ విత్తనం రైతు దగ్గరికి వెళుతుంది, లేకపోతే తిరిగిపోతుంది. ఆ సగటు తీసే ప్రోగ్రామ్ తనే రాసుకుంది, నలభై ఏడేళ్ల వయసులో, పుస్తకం ముందు పెట్టుకుని మూడు నెలలు కుస్తీ పట్టి. పుస్తకాల పురుగునని పేరున్న నేను ఆ పుస్తకంలో పదో పేజీ దాటలేదు.

ఆ ప్రోగ్రామింగ్ భాషకు నియమాలు రాసే సంఘం ఒకటుంది. ఒక ఏడాది వాళ్లు కొత్త నియమం తలపెట్టారు: పట్టికలో అంకె లేని గడిని ఇకమీదట సున్నాగా లెక్కించాలని. భాషను రోజూ వాడే మామూలు మనుషులు కూడా వాడి చూసి అభిప్రాయం పంపవచ్చన్నారు.

వదిన తన పాత లెక్కలు ఆ కొత్త నియమంతో వేసి చూసింది. నిక్షేపంలాంటి రకం ఒకటి ఫెయిలయింది. మూడు ట్రేల్లో తొంభై రెండు, తొంభై నాలుగు, తొంభై. నాలుగోది బూజు పట్టడంతో గడి ఖాళీగా వదిలింది. తొంభై రెండు రావలసిన సగటు అరవై తొమ్మిదికి పడిపోయింది.

"చూశావా మరిదీ, బతికున్న గింజల్ని చంపేశారు!"

"అదే రాసి పంపు వదినా."

"వాళ్లంతా మహామహులు. మొలకలు లెక్కపెట్టుకునేదాన్ని, నా మాట ఎవరు వింటారు?"

అన్నయ్య పేపర్లోంచి తలెత్తకుండానే, "నా మాటకు అడ్డు చెప్పడానికి ఏనాడూ జంకలేదే!" అన్నాడు.

"మీరు సంఘం కాదుగా" అంది. అని, రాయడానికి కూర్చుంది.

మూడు వారాలకు వీడియో సమావేశానికి పిలిచారు. పరీక్షశాల నుంచే మాట్లాడింది. నేను పక్కన, తెరలో కనిపించకుండా కూర్చున్నాను.

"అలాంటి గడుల్ని మీరే తీసేసుకోవచ్చు కదమ్మా?" అన్నాడు అధ్యక్షుడు.

వదిన బూజు పట్టిన ట్రే ఒకటి కెమెరా ముందు పెట్టింది. "ఇందులో ఎన్ని మొలిచాయో చెప్పండి."

అందరూ కళ్లు చికిలించి చూశారు. "తెలియడం లేదు."

"నాకూ తెలియలేదండీ. అందుకే ఖాళీగా వదిలాను. సున్నా వేస్తే, చూశాను, ఒక్కటీ మొలవలేదు అని సంతకం పెట్టినట్టే."

నియమాలు పెట్టేవాళ్లకూ, వాటి కింద పనిచేసేవాళ్లకూ మధ్య ఇంత చిన్న దూరం ఉంటుందని నేనెక్కడా చదవలేదు.

నెల తిరక్కుండా జవాబొచ్చింది. ఖాళీ గడి జోలికి వెళ్లడం లేదన్నారు. ఇకనుంచి ఏ నియమాన్నైనా ఓటుకు పెట్టేముందు, భాషను పనిలో వాడే పదిమంది తమ పాత లెక్కల మీద నడిపి చూడాలన్నారు. ఆ పదిమందిలో వదిన ఒకరు.

"ఇంటి నియమాలకూ అలాంటి పదిమందిని పెడితే బాగుండు" అన్నాడు అన్నయ్య.

వదిన వినిపించుకోలేదు. వాళ్లు పంపిన కొత్త ముసాయిదాలో అప్పుడే ఒక పేరా కింద పెన్సిలుతో గీత పెట్టింది.

"ఇలా అయితే మా తేదీలన్నీ తారుమారవుతాయి మరిదీ. ఉండు, వీళ్లకు చెప్పాలి."