గద్దలబోడు దిగే దారి

కరోనా భయం పూర్తిగా సద్దుమణిగిన ఏడాది, ఆగస్టు మొదటి వారంలో, నన్ను గుంటూరు ఆఫీసు నుంచి దర్శి వైపున్న ఒక రేంజికి మార్చారు. హోదా డిప్యూటీ రేంజి ఆఫీసరు. అడవి ఉద్యోగంలో కింద బీటు ఆఫీసరు, ఆ పైన సెక్షన్ ఆఫీసరు, ఆ పైన మేము. మా మీద రేంజి ఆఫీసరు, ఆయన మీద జిల్లా అధికారి. అందరికంటే కింద, లెక్కకు రాని చోట, వాచర్లు ఉంటారు. వాళ్ళు రోజుకూలీ మీద పనిచేస్తారు. నెలనెలా మస్టరులో, అంటే హాజరు పట్టీలో, పేరు రాస్తేనే వాళ్ళకి ఉద్యోగం ఉన్నట్టు.

నాకు అప్పగించిన పని గద్దలబోడు మీదికి నడకదారి తెరవడం. ఆ చుట్టుపక్కల మిరప, పత్తి చేలమధ్య లేచిన రాతికొండ అది. పొద్దున ఎక్కి మధ్యాహ్నానికి దిగిపోవచ్చు. పట్నాల్లో వాళ్ళకి కొండలెక్కే సరదా పుట్టింది కాబట్టి అలాంటి దారులు తెరవమని పైనుంచి కాగితం వచ్చింది. కొండల మీద తిరిగిన అనుభవం ఎవరికుందని రేంజి ఆఫీసరు గారు అడిగితే నేను చెయ్యెత్తాను. అది అబద్ధం కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నల్లమల అంచుల్లో బీటు ఆఫీసరుగా ఆరేళ్ళు కాలినడకన తిరిగాను. ఆ తర్వాత పదహారేళ్ళు కుర్చీలో కూర్చుని తపాలా చూసుకున్నానన్న సంగతి మాత్రం ఆ క్షణాన నాకు గుర్తు రాలేదు.

కొండ ఎక్కడానికి ముందు గుంటూరులో బూట్లు కొన్నాను. నీళ్ళలో నడిచినా లోపల తడవవని కొట్టువాడు హామీ ఇచ్చాడు. గద్దలబోడు మీద నీళ్ళున్న చోటు ఒక్కటీ లేదు. మడిస్తే చేతిసంచిలో పట్టే చేతికర్ర కూడా కొన్నాను. మొదటి రోజు మొదటి మలుపులోనే, నా బరువు ఆనగానే అది తనంతట తనే మడుచుకుపోయింది.

నాకు తోడిచ్చిన వాచరు పేరు యాకోబు. వయసు నా అంతే. కొండ కింద పల్లెలో ఇల్లు, రబ్బరు చెప్పులు, భుజాన తువ్వాలు. ఆ కొండ మీద పద్దెనిమిదేళ్ళుగా తిరుగుతున్నాడు. మొదటి రోజు సగం కూడా ఎక్కకుండానే నేను ఒక బండ మీద కూలబడ్డాను. మేకలు తోలుకుని పోతున్న ఒకామె ఆగి నన్ను తేరిపార చూసింది.

"ఏం సార్, ఎవరన్నా తరుముకొచ్చారా?" అని అడిగింది.

యాకోబు నవ్వలేదు. నా కాళ్ళవైపు చూసి, దిగేటప్పుడు వేళ్ళు బూటు ముందువైపుకి తంతాయనీ, బూట్లు ఒక సైజు పెద్దవి తీసుకోవాల్సిందనీ, కనీసం గోళ్ళన్నా కత్తిరించుకు రమ్మనీ చెప్పాడు. నేను వినలేదు. వారం తిరిగేలోపు రెండు బొటనవేళ్ళ గోళ్ళూ నల్లబడ్డాయి. ఒకటి ఊడిపోయింది.

కొండనడక మళ్ళీ మొదలుపెట్టాలనుకునే నా వయసు వాళ్ళకి యాకోబు దగ్గర నేను నేర్చుకున్నది చెబుతాను. పొద్దు పొడవకముందే బయల్దేరాలి. నీళ్ళు దాహం వేసినప్పుడు కాదు, వేయకముందే తాగాలి. ఎక్కేటప్పుడు ఊపిరి పోతుంది కానీ మోకాళ్ళు పోయేది దిగేటప్పుడే. అన్నిటికంటే ముఖ్యమైనది, ప్రతి మలుపులో ఆగి వెనక్కి తిరిగి చూసుకోవాలి.

"దిగేటప్పుడు ఈ కొండ మొహం వేరేగా ఉంటదండి" అన్నాడు యాకోబు. "ఎక్కిన కొండ ఇదేనా అనిపిస్తది."

నేను వెనక్కి తిరిగి చూసింది లేదు. డిసెంబరు లోపల శిఖరం దాకా మూడుసార్లు వెళ్ళాను. దిగేటప్పుడు మూడుసార్లూ ముందు నడుస్తున్న యాకోబు మడమలు తప్ప మరేమీ చూడలేదు. అయినా ఆఫీసులో మాత్రం ఆ కొండ నా అరచేతిలో గీతలా తెలుసని చెప్పుకున్నాను.

జనవరిలో దారికి గుర్తులు పెట్టే పని వచ్చింది. ఎక్కేటప్పుడు ఎక్కడా గుర్తు కనబడలేదని, పద్దెనిమిదేళ్ళు ఏం చేశావని యాకోబును నలుగురిలో అడిగాను. అతను నన్ను పది గజాలు పైకి తీసుకెళ్ళి వెనక్కి తిప్పాడు. ప్రతి బండకీ పైవైపు మొహం మీద, దిగేవాడి కళ్ళకి ఎదురుగా, అరచేయంత సున్నం గుర్తు ఉంది. మేకల వాళ్ళూ కట్టెల వాళ్ళూ తరతరాలుగా అలాగే పెడుతున్నారట. ఎక్కేవాడు ఎటు తిరిగినా శిఖరమే వస్తుంది, వాడికి గుర్తులు అక్కర్లేదు. దిగేవాడికి మూడు వంకలు ఎదురవుతాయి. వంక అంటే వానాకాలం నీళ్ళు పారి కోసేసిన పల్లం. మూడూ చూడడానికి ఒకలాగే ఉంటాయి. కుడి చేతి వంక ఒక్కటే పల్లెకు దిగుతుంది.

ఇది విన్నాక కూడా నేను చేసిన పని ఏమిటంటే, పసుపు రంగు డబ్బాలు తెప్పించి, బండలకి కిందివైపు మొహాల మీద పైకి చూపించే బాణాలు వేయించడం. ఫొటోలు ఎక్కేటప్పుడే తీస్తారని నా ఆలోచన. ఒకే దారికి రెండు రకాల గుర్తులుంటే చూడడానికి బాగుండదని పాత సున్నం గుర్తుల్ని తీగ బ్రష్షుతో గీకించేశాను. గీకించింది కూడా యాకోబు చేతే. రెండు రోజులు గీకాడు. ఒక్కసారి మాత్రం, "సార్, ఇవి దిగేవాళ్ళవండి" అన్నాడు. ఎక్కగలిగినవాడికి దిగడం రాదా అని నేను ఎదురు ప్రశ్న వేశాను. నా ప్రశ్న నాకే చాలా తెలివిగా వినిపించింది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం ప్రారంభోత్సవం. గుంటూరు నుంచి ఒక నడక సంఘం వాళ్ళు ఇరవైమందికి పైగా వచ్చారు. అందరికీ ఒకే రంగు బనియన్లు, వీపున సంచులు, సంచుల్లోంచి నోటిదాకా నీళ్ళగొట్టాలు. సంఘం అధ్యక్షుడు శేషగిరిరావు గారు బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. చేతికున్న గడియారం ఆయన గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటోందో చెబుతుందట. ఆయన ఆ సంగతి అందరికీ చెప్పారు. ఆరింటికి మొదలుకావాల్సిన నడక రేంజి ఆఫీసరు గారు వచ్చి రిబ్బను కత్తిరించేసరికి ఎనిమిదింపావు అయింది. ఫొటో పడగానే ఆయన జీపెక్కి వెళ్ళిపోయారు. ఇక కొండ మీద అధికారి నేనొక్కణ్ణే.

యాకోబు ఆ రోజు ప్రార్థన మానుకుని తెల్లారకముందే వచ్చాడు. నేనూ పైకి వస్తానండి, దిగేటప్పుడు ముందుంటాను అన్నాడు.

"ఏమయ్యా, ఇంతమంది చదువుకున్నవాళ్ళకి నువ్వు దారి చూపిస్తావా?" అన్నాను. "ఇక్కడే ఉండి టిఫిన్లు, బళ్ళు చూసుకో."

శేషగిరిరావు గారు నవ్వారు. ఆయన నవ్వడం నాకు బాగా నచ్చింది.

పదకొండు కాకముందే అందరం శిఖరం మీదున్నాం. పసుపు బాణాలు అద్భుతంగా పనిచేశాయి. దూరంగా కల్లాల్లో ఎండబోసిన మిరపకాయలు ఎర్ర దుప్పట్లు పరిచినట్టున్నాయి. అరగంట ఫొటోలయ్యాక దిగడం మొదలుపెట్టాం. రెండో మలుపు దాటినా ఒక్క గుర్తూ కనబడలేదు. మాలో సరోజిని గారని ఒక రిటైర్డ్ లెక్చరరు ఉన్నారు. వెనకవాళ్ళకి చెయ్యందించడానికి ఆమె వెనక్కి తిరిగి, బాణాలు చూసి, నన్ను పిలిచారు.

"అన్నీ మళ్ళీ పైకే పొమ్మంటున్నాయండీ" అన్నారు.

శేషగిరిరావు గారు గుర్తులు కనబడేలా వెనక్కి నడుస్తూ దిగుదామని సూచించి, తానే నాలుగడుగులు అలా దిగి చూపించి, అయిదో అడుగులో ముళ్ళకంపలో కూర్చున్నారు. అప్పుడు అందరూ నావైపు చూశారు. మూడు వంకలూ ఎదురుగా ఉన్నాయి. యాకోబు ఏ చేతి వంక అన్నాడో గుర్తు రాలేదు. తెలియదు అని ఒక్క మాట అని, అక్కడే ఆగి, కిందికి ఫోను చేసి యాకోబును పిలిపిస్తే గంటలో అయిపోయేది. నేను మధ్య వంకవైపు చెయ్యి చూపించి ముందు నడిచాను.

మధ్య వంక చివర నిలువెత్తు బండ ఉంది. దాని మీద నుంచి ఒక్కొక్కరినీ దించుతుంటే సరోజిని గారి కాలు మెలికపడింది. ఎండ ముదిరింది, గొట్టాల్లో నీళ్ళు అయిపోయాయి. ఒకటిన్నరకి కొండకి అవతలివైపు తేలి, ఒక కల్లంలోకి, ఎండబోసిన మిరపకాయల మీదికి బూట్లతో నడిచాం. ఘాటుకి అందరం ఒకేసారి దగ్గడం మొదలుపెట్టాం. కల్లం దగ్గర తాలుకాయలు ఏరుతున్న పెద్దామె లేచి నిలబడింది.

"బూట్లు తియ్యండయ్యా, అవి జనం తినే కాయలు" అంది. తర్వాత నా యూనిఫారం చూసి, "నువ్వు ఈ కొండోడివేనా?" అని అడిగింది.

నేను దగ్గుతూ బూట్ల తాళ్ళు విప్పడం మొదలుపెట్టాను.

పన్నెండు దాటినా మేం దిగకపోయేసరికి యాకోబు టిఫిన్లు వదిలేసి కొండెక్కాడు. విరిగిన కంపలు, నలిగిన గడ్డి చూసుకుంటూ మా వెనకే దిగి, నీళ్ళ క్యానుతో కల్లం దగ్గరికి వచ్చాడు. సరోజిని గారిని ట్రాక్టరు ఎక్కించింది అతనే.

ఆ సాయంత్రానికి దగ్గుతున్న మా వీడియో ఫోన్లలో తిరిగింది. అడవిశాఖ అడవిలో తప్పిపోయిందని దాని మీద ఎవరో రాశారు. మర్నాడు జిల్లా అధికారి నివేదిక అడిగారు. రేంజి ఆఫీసరు గారు ఆ కాగితాన్ని నాకే పంపారు. ఎలా జరిగిందో విచారించాల్సినవాణ్ణీ, విచారణకి నిలబడాల్సినవాణ్ణీ నేనే. ఆఫీసు పద్ధతిలో ఇది వింతేమీ కాదు, స్థలంలో ఉన్న అధికారే నివేదిక ఇస్తాడు. పేజీన్నర రాశాను. వాచరు యాకోబు దారి గుర్తుల పని చేశాడని, దిగే దారిలో గుర్తులు లేవని, దారి తప్పిన సమయంలో అతను కొండ మీద లేడని రాశాను. మూడూ నిజాలే. ఒక్కదానికీ ఎవరూ ఆధారం అడగక్కర్లేదు.

మార్చి మస్టరులో యాకోబు పేరు లేదు. తీసేశామని ఎవరూ చెప్పలేదు, కాగితం ఇవ్వలేదు. పేరు రాయలేదు, అంతే. మూడో రోజు ఆఫీసు మెట్ల మీద నిలబడి నాకోసం చూశాడని బంట్రోతు చెప్పాడు. నేను వెనక గుమ్మం నుంచి వెళ్ళిపోయాను.

ఏడాది తర్వాత నేను స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నాను. ఆరోగ్యకారణాలని రాశాను, అది కూడా ఒక రకం నివేదికే. ఖాళీగా ఉండలేక మళ్ళీ కొండలెక్కడం మొదలుపెట్టాను. ఒక సైజు పెద్ద బూట్లు కొన్నాను. ప్రతి మలుపులో వెనక్కి తిరిగి చూస్తూ నెలకి రెండు ఆదివారాలు నడుస్తున్నాను. అలా చూసినప్పుడల్లా ఎవరి మాట పాటిస్తున్నానో గుర్తొచ్చేది. కిందటేడు యాకోబు ప్రత్తిపాడు వైపు ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో బస్తాలు మోస్తున్నాడని తెలిసి వెళ్ళాను.

టిక్కీలు దించుతున్నాడు. మిర్చి కుక్కిన గోతాన్ని అక్కడ టిక్కీ అంటారు. నన్ను చూసి దించడం ఆపి, తువ్వాలుతో మొహం తుడుచుకుని నమస్కారం పెట్టాడు. నేను రాసిందంతా చెప్పాను. అతనికి అప్పటికే తెలుసు, బంట్రోతు చదివి వినిపించాడట.

"నేను కొండ మీద లేనని రాశారు, నిజమేనండి" అన్నాడు. "ఎక్కడున్నానో కూడా రాయాల్సింది."

మళ్ళీ తన పేరు మస్టరులో రాయిస్తారా అని అడిగాడు. రాయిస్తానని చెప్పాను. ఆఫీసుకి సంతకంతో ఉత్తరం పెట్టాను. గుర్తులు గీకించింది, తప్పు వంకలోకి దించింది, అతన్ని కింద ఉంచింది నేనేనని అందులో ఉంది. రెండు నెలలకి జవాబు వచ్చింది. సదరు వాచరును తొలగించినట్టు ఎలాంటి ఉత్తర్వూ లేదు కాబట్టి, రద్దు చేయడానికీ, తిరిగి తీసుకోవడానికీ ఏమీ లేదని రాశారు. ఆ వాక్యం రాసినవాడు పనిమంతుడు. ఒకప్పుడు నేనూ అలాంటివి రాసేవాణ్ణి. జవాబు యాకోబుకి నేనే తీసుకెళ్ళి చదివి వినిపించాను. సరేనండి అని చెప్పి తర్వాతి బస్తా కింద వీపు పెట్టాడు.

నివేదికలు రాసే ఉద్యోగంలో ఉన్నవాళ్ళకి ఇందులోంచి చెప్పగలిగింది ఒక్కటే. జరిగిన తప్పులో మీరూ ఉంటే ఆ నివేదిక మీరు రాయనని కాగితం మీద చెప్పండి. రాయక తప్పకపోతే మొదటి వాక్యం 'నేను' అన్న మాటతో మొదలుపెట్టండి. నాది 'వాచరు' అన్న మాటతో మొదలైంది.