శనివారం భజనలో హార్మోనియం

ఖాజాగూడ బాలనర్సయ్యకు యాభై రెండేళ్లు. కోకాపేట ఆఫీసుల్లో పనిచేసేవాళ్లను పొద్దున దింపి సాయంత్రం తెచ్చే బస్సుకు డ్రైవరు. చిన్నతనంలో మేనమామ దగ్గర హార్మోనియం నేర్చుకుని, పద్నాలుగేళ్లకే హనుమంతుడి గుడి భజనలో వాయించాడు. తండ్రి పోయాక లారీ క్లీనరుగా వెళ్లి దానికి దూరమయ్యాడు. ఇప్పుడు పిల్లలు స్థిరపడ్డారు, శనివారాలు ఖాళీ. మళ్లీ గుడికి వెళ్లాడు.

హార్మోనియం ముందు నర్సింహ కూర్చుని ఉన్నాడు. ఆరేళ్లు చిన్నవాడు, ప్లంబింగ్ పని చేస్తాడు. లేచి చోటిచ్చి వాయించమన్నాడు. బాలనర్సయ్య వేళ్లు ఒక మెట్టు నొక్కబోయి రెండు నొక్కాయి. పాడేవాళ్లు ఆగిపోయారు. నర్సింహ అందుకున్నాకే పాట కదిలింది.

ఆ రాత్రి భార్య చంద్రమ్మతో, నర్సింహకు తల ఊపుడు ఎక్కువ, పని తక్కువ అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు.

"ఆయన వాయిస్తే మంచిగనే ఉంటదయ్యా. వింటుంటే లేవబుద్ధి కాదు."

బాలనర్సయ్యకు అన్నం సహించలేదు. మర్నాడే మేనమామ ఇంటి అటక మీది పాత హార్మోనియం తెచ్చి బస్సులో పెట్టుకున్నాడు. ఆఫీసు వాళ్లు పనిలో ఉన్నంతసేపూ బస్సు వెనక సీట్లో సాధన చేశాడు. మూడు నెలలు గడిచాయి. వేళ్లు దారికొచ్చాయి, మనసు రాలేదు. నర్సింహను ఎవరు మెచ్చుకున్నా లోపల రగిలేది.

ఒకరోజు పైపు బిగిస్తుంటే పానా జారి నర్సింహ చేతికి దెబ్బ తగిలిందని తెలిసింది. బాలనర్సయ్య పైకి అయ్యో అన్నాడు. కానీ ముందు కలిగింది సంతోషమే. అది తెలిసి సిగ్గుపడ్డాడు. శనివారం మాత్రం అందరికంటే ముందు గుడికొచ్చి హార్మోనియం దగ్గర కూర్చున్నాడు.

రెండు పాటలు బాగా నడిచాయి. మూడోదాంట్లో పై స్వరం తప్పింది. కట్టు కట్టిన చేతితో పక్కనే కూర్చున్న నర్సింహ ఆ స్వరం చెవిలో మెల్లగా అన్నాడు. బాలనర్సయ్య పట్టుకున్నాడు. పాట నిలబడింది.

భజన అయ్యాక ఒక ముసలాయన అన్నాడు: "నర్సింహ నీకు మంచిగ నేర్పిండు."

బాలనర్సయ్య మొహం మాడిపోయింది. నర్సింహే జవాబిచ్చాడు.

"నేను నేర్పుడేంది తాతా. చిన్నప్పుడు కిటికీ కాడ నిలబడి, ఈ అన్న వాయిస్తుంటే చూసే నేను నేర్చుకున్న."

అందరూ బాలనర్సయ్య వైపు గౌరవంగా చూశారు. ఆయనకు కళ్లు చెమర్చాయి. అంతలోనే కడుపు మండింది కూడా. ఈ మంచితనంలోనూ వీడే గెలిచాడు.

నెల తర్వాత నర్సింహ చేయి బాగైంది. సగం పాటలు అన్న, సగం తాను వాయిస్తామని అతనే పెద్దలకు చెప్పాడు. తన వంతు అయ్యాక బాలనర్సయ్య పక్కకు జరిగి నర్సింహ వేళ్లనే చూస్తూ కూర్చున్నాడు. ఒకచోట స్వరం ఎంత అందంగా తిరిగిందంటే, ఓర్వలేక తల దించుకున్నాడు. జనం లేచి వెళ్లేదాకా ఆగాడు. అప్పుడు దగ్గరికి జరిగాడు.

"జర ఆ మలుపు ఇంకోసారి చూపియ్యి, నర్సింహ. నాకు వస్తలేదు."