ఏస్తేరక్క చాటు కిటికీ

మొన్న మధ్యాహ్నం కాలేజీ స్టాఫ్ రూములో లాప్‌టాప్ తెరిచి, బ్రౌజర్లో చాటు కిటికీ నొక్కాను. తెర మొత్తం ముదురు వంకాయ రంగులోకి మారింది. ఆ రంగు నా వేళ్ళ మీదా, పక్కనున్న స్టీలు గ్లాసు మీదా పడింది. బయట పత్తి సీజను. జిన్నింగు మిల్లుల వైపు నుంచి గాలికి లేచిన దూది పింజ ఒకటి లోపలికొచ్చి, ఆ వంకాయ రంగు వెలుతురులో ఎటూ వాలకుండా తేలుతూ ఉంది. చేస్తున్న పని మర్చిపోయి దాన్నే చూస్తూ కూర్చున్నాను. చాటు కిటికీ అనే మాట ఏ బ్రౌజర్లోనూ కనిపించదు. అక్కడ ప్రైవేట్ అని రాసి ఉంటుంది. ఆ పేరు పెట్టింది ఏస్తేరక్క. ఆమె పోయి ఏడాది కావస్తోంది.

నరసరావుపేట కోర్టు వెనక సందులో ఆమెకో నెట్ సెంటర్ ఉండేది. అంతకుముందు అదే గదిలో టైపు నేర్పేది. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి గానీ గది మారలేదు, ఆమె కూర్చునే చెక్క కుర్చీ మారలేదు. ఊళ్ళో అందరూ వాడే బ్రౌజర్ అంటే ఆమెకు ఒళ్ళుమంట. "అది మనం ఏం చూస్తన్నామో చూస్తా ఉంటదమ్మాయ్, మనింట్లో కూచోని మనింటి కబుర్లే మోస్తది" అనేది. వెతికి వెతికి ఇంకో బ్రౌజర్ పెట్టుకుంది. ప్రకటనల్నీ, వెంటపడి గుర్తులు ఏరుకునేవాళ్ళనీ అదే ఆపేస్తుంది. దాన్ని ఆమె దోమతెర అనేది. అందులోనే నోట్సు రాసుకునే చోటు, పక్కన అడిగినదానికి జవాబు చెప్పే ఏఐ ఉండేవి. పరీక్షల పని ఒక అర, పింఛన్ల పని ఒక అర, కోర్టు పని ఒక అర అని తెరిచిన పేజీలన్నిటినీ బీరువాలో చీరలు సర్దినట్టు సర్దుకునేది. ఎంత పొడుగు నోటిఫికేషన్నైనా ఏఐ చేత నాలుగు ముక్కల్లో చెప్పించుకుని, మళ్ళీ అసలు పేజీ తెరిచి కళ్ళజోడు సర్దుకుని మొత్తం చదివేది. "అది చదివింది సరే, నేను చదవబళ్ళా?" అనేది. ఆ చాదస్తానికి వచ్చినవాళ్ళు విసుక్కునేవాళ్ళు. నేనూ విసుక్కున్నాను.

ఆమెకు ఇంకో అలవాటు ఉండేది. ఎవరైనా కాస్త నసుగుతూ, "అక్కా, ఒకటి చూసుకోవాలి" అంటే చాలు, ఏమిటని అడిగేది కాదు. చాటు కిటికీ తెరిచి ఇచ్చి, తన కుర్చీని సందు వైపు తిప్పుకుని కూర్చునేది. వాళ్ళ పని అయ్యేదాకా వీపు మనవైపే. పిడుగురాళ్ల సున్నం లారీలు పెద్ద రోడ్డు మీద పోతుంటే వాటి చప్పుడు వింటూ, చీరకొంగుతో కళ్ళజోడు తుడుచుకుంటూ ఉండేది. ఆ వీపు చూస్తే ఎందుకో ధైర్యంగా ఉండేది. భర్త చెయ్యి చేసుకుంటే ఎవరికి చెప్పాలో తెలుసుకోవాలని వచ్చినవాళ్ళూ, నెల తప్పిందేమోనని భయపడుతూ వచ్చినవాళ్ళూ ఆ వీపు వెనకే కూర్చుని చూసుకున్నారు. ఇంత చేసినా ఆమె గొప్పలు చెప్పేది కాదు. "చాటంటే ఈ మిషన్‌కి గుర్తుండదు, అంతే. వైరుకి అవతలోళ్ళకి తెలవదనుకోబాకండి" అని ప్రతి ఒక్కరికీ విడమరిచి చెప్పేది.

నేను ఆమె దగ్గరికి వెళ్ళింది నా చెవి కోసం. అప్పటికి ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పే ఉద్యోగంలో చేరి ఎంతో కాలం కాలేదు. ఎడమ చెవిలో ఎప్పుడూ ఒక గుయ్యిమనే చప్పుడు. దాని వెనక లోకమంతా నీళ్ళ అడుగున ఉన్నట్టు ఉండేది. ఎడమవైపు బెంచీల్లో పిల్లలు ప్రశ్న అడిగితే వాళ్ళ పెదాలు కదలడం కనిపించేది, మాట అందేది కాదు. ఒక్కోసారి అది కలలా హాయిగానే ఉండేదని ఒప్పుకుంటాను. చింతచెట్టు ఊగుతూ ఉంటుంది, చప్పుడు ఉండదు. కానీ గంట కొట్టగానే భయం పట్టుకునేది. పాఠం చెప్పేవాళ్ళకు వినపడదని తెలిస్తే ఉద్యోగం ఉంచుతారా? నాకు ఈ ప్రపంచంలో బాగా వచ్చిన పని అదొక్కటే. ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు, ఎందుకంటే మా నాన్న జిన్నింగు మిల్లులో గుమాస్తా. మిషన్ల హోరులో మాట్లాడీ మాట్లాడీ ఆయన ఇంట్లో ఉప్పు అడిగినా వీధి చివరిదాకా వినపడుతుంది. ఆయన కూతురికి చెవి వినపడకపోతే తెలిసేదెలా?

ఒకరోజు ఆగలేక నా ఫోన్లో చెవి గురించి వెతికాను. అదే కొంప ముంచింది. ఫోన్లు అమ్మిన షాపతను పని తేలికవుతుందని ఇంట్లో అందరి ఫోన్లకీ నాన్న పేరు మీద ఒకే మెయిలు పెట్టి ఇచ్చాడు. మా ఊళ్ళో సగం ఇళ్ళలో ఇదే కథ. రెండు రోజులు గడిచేసరికి నాన్న ఫోన్ నిండా వినికిడి మిషన్ల ప్రకటనలు. ఆయన పత్తి ధరలు చూద్దామని ఫోన్ తీస్తే చాలు, ఎవరో ముసలాయన చెవి వెనక చెయ్యి పెట్టుకుని నవ్వుతూ కనిపించేవాడు.

"ఏందే ఇది, నన్ను చెవిటోణ్ణంటందా ఈ ఫోను? మిల్లులో ఎవుడో చెప్పుంటాడు దీనికి!" అని నాన్న అరిచాడు.

"ఏదో అడ్వర్టైజ్‌మెంటులే నాన్నా" అన్నాను. ఆయన అప్పట్నుంచీ వాకిట్లో కాకి అరిచినా "ఇదిగో, నాకు వినపడతంది" అని అందరికీ చెప్పడం మొదలుపెట్టాడు. నవ్వు వచ్చేది, ఆ వెంటనే తల పక్కకు తిప్పుకునేదాన్ని.

ఏస్తేరక్క దగ్గరికి వెళ్ళిన మధ్యాహ్నం సందులో జనం లేరు. ఆమె చాటు కిటికీ తెరిచి, ఏఐని పక్కకు పిలిచి, మైకు గుర్తు చూపించి కుర్చీ తిప్పుకుంది. నేను గొంతు తగ్గించి, "ఎడం చెవి గుయ్యిమంటంది, ఏం చెయ్యాలి" అన్నాను. కాసేపటికి తెర మీద జవాబు వచ్చింది. ఎడమ చేనులో గొయ్యి ఎంత లోతు తవ్వాలో, ఎండాకాలం ముందే తవ్వి వదిలేస్తే ఎంత మంచిదో, మొక్క నాటేటప్పుడు పశువుల ఎరువు ఎంత వెయ్యాలో చాలా మర్యాదగా వివరించింది. నేను అయోమయంగా "అక్కా" అని పిలిచాను. ఆమె వచ్చి, చదివి, కడుపు పట్టుకుని నవ్వింది. నాకూ నవ్వు ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేశాను.

"నా మాట దీనికి అర్థం కాలేదక్కా" అన్నాను.

"నువ్వు గుసగుసలాడితే దేనికర్థమవుద్ది? తెలుగు పాఠాలు చెప్పేదానివి, పుస్తకం తెలుగులో రాయి, అర్థమయ్యిద్ది" అని మళ్ళీ వెళ్ళి సందు చూస్తూ కూర్చుంది.

కీబోర్డు మీద చేతులు పెట్టాను. గుయ్యి అన్నంత కాలం అదేదో చప్పుడు, వచ్చింది, పోతుంది అనుకున్నాను. పుస్తకం తెలుగులో దానికి మాట వెతకాల్సి వచ్చింది. "నాకు ఎడమ చెవి వినపడటం లేదు" అని రాశాను. వంకాయ రంగు తెర మీద తెల్లటి అక్షరాలు. ఆ వాక్యాన్ని అంతకుముందు నేను మనసులోనైనా అనుకోలేదు. ఇప్పుడది నా ఎదురుగా, తప్పుల్లేకుండా, చివర చుక్కతో సహా ఉంది. ఏఐ ఎన్నో కారణాలు చెప్పింది. కొన్ని నయమవుతాయంది, కొన్ని ఆలస్యం చేస్తే ముదురుతాయంది. తను చూసి తేల్చలేనని, చెవి డాక్టరు పరీక్ష చేయాలని, వెంటనే వెళ్ళమని చెప్పింది. నేను గబగబా కిటికీ మూసేశాను. తెర మామూలు తెలుపులోకి వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను.

అక్క వెనక్కి తిరక్కుండానే అడిగింది. "మూసేశావా?"

"ఆఁ."

"అది మర్చిపోయింది. నువ్వు మర్చిపోతావా?"

ఆమె లేచి వచ్చి నా కుడిపక్కన స్టూలు మీద కూర్చుంది. "ఇయ్యాల ఇంట్లో చెప్పు. దీంతో చెప్పుకున్నావుగా, అక్కడితో అయిపోయిందనుకోబాక పిల్లా. ఇది నిన్ను ఆస్పత్రికి తీసకపోద్దా?" అంది. నాకు ఆమె మీద చాలా కోపం వచ్చింది. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాను.

ఆ సాయంత్రం నాన్న అన్నం తింటూ మళ్ళీ ఫోన్ తీసి తిట్టుకుంటున్నాడు. "ఆ మిషన్లు నీకు కాదు నాన్నా, నాకు" అన్నాను. ఆయన ముద్ద నోటి దాకా పోలేదు. నన్ను చూస్తూ ఉండిపోయాడు. అంత గొంతు ఉన్న మనిషి పెదాలు మాత్రమే కదిపినట్టు అనిపించింది. "ఏ చెవి?" అని అడిగాడట, నాకు వినపడలేదు. మళ్ళీ అడిగాడు. ఎడమది అన్నాను. నాన్న లేచి, కంచం పట్టుకుని, చుట్టూ తిరిగి వచ్చి నా కుడివైపు కూర్చున్నాడు. తెల్లారగానే డాక్టరు దగ్గరికి ఆయనే తీసుకువెళ్ళాడు. అక్కడి నుంచి గుంటూరు పంపారు. చెవి లోపల ఒక చిన్న ఎముక బిగుసుకుపోయిందన్నారు. ఆపరేషను చేశారు. గుయ్యి పూర్తిగా పోలేదు గానీ ఎడమ చెవికి మాట మళ్ళీ అందింది. ఉద్యోగమూ నిలిచింది.

ఆ తర్వాత ఏస్తేరక్క నాకు ఇంట్లో మనిషయ్యింది. రోజూ సాయంత్రం కాలేజీ వదిలాక ఆమె గదిలోనే కూర్చుని పాఠాలు రాసుకునేదాన్ని. ఒకసారి ఆమె పాదాలు ఉబ్బి ఉండటం చూసి, "ఏందక్కా ఇది?" అన్నాను. "ఏం లేదులే, కూర్చోని కూర్చోని" అంది. ఇంకోసారి మెట్లెక్కుతూ ఆగి ఆయాసపడింది. "ఏం లేదులే." నేను నమ్మాను. ఆదివారం చర్చికి రాలేదని తెలిసి వెళ్ళేసరికి గుంటూరు ఆస్పత్రిలో ఉంది. గుండె అన్నారు. తిరిగి రాలేదు. సమాధుల దగ్గర వాళ్ళమ్మాయి నా చెయ్యి పట్టుకుని, "అమ్మకి ముందే తెలుసంట. డాక్టరు ఎప్పుడో చెప్పాడంట. మాకెవ్వరికీ చెప్పలేదు" అంది. ఎంతమందిని ఇళ్ళకు తోలి చెప్పించిన మనిషి! ఆమె మీద కోపం నాకు ఇంకా తగ్గలేదు. ప్రేమ కూడా తగ్గలేదు, ఆ రెండూ నాలో ఒకదాని పక్కన ఒకటి ఉండిపోయాయి. ఆ కంప్యూటర్లో ఆమె ఏం వెతుక్కుందో తెలిసే దారి లేదు. సందు వైపు తిరిగి కూర్చున్న వీపునే నేను చూశాను. ఆ ముఖంలో ఏముందో ఎప్పుడూ చూడలేదు.

మొన్న ఆ దూది పింజ గాలికి బయటికి పోయాక, క్లాసులోంచి ఒక పిల్ల వచ్చి స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడింది. లాప్‌టాప్ వైపు చూసింది, నా వైపు చూసింది.

"ఏమిటమ్మా?"

"ఏం లేదు మేడం."

అని వెనక్కి తిరిగింది. ఇదివరకైతే పోనిచ్చేదాన్ని. ఇప్పుడు ఆ మాట వింటే నా చేతులు పని ఆపేస్తాయి. లాప్‌టాప్ మూసి, నా పక్కకి కుర్చీ లాగాను. ఏ వైపు కూర్చోవాలో తెలియనట్టు ఆ పిల్ల తటపటాయించింది.

"ఎటు కూర్చున్నా ఫర్వాలేదు, నాకు వినపడుతుంది" అన్నాను. "చెప్పు."