నడుమ గోడకు ఇవతలి మిలిటరీ బండి

మా బండి రోడ్డెక్కాలంటే మా అన్న గేటులోంచి పోవాలి. అన్న గేటులోంచి పోవాలంటే అన్నతో మాట్లాడాలి. ఆ మాట్లాడే పని నాకు చేతకాలేదు. అందుకని ఏళ్ల తరబడి బండినే బాగుచేస్తూ కూర్చున్నాను. మేడ్చల్‌లో నన్ను ఎరిగిన వాళ్లంతా దాన్ని పిచ్చి కింద జమకట్టారు. కట్టనీ, నాకేం.

అన్న మిలిటరీలో డ్రైవరుగా పనిచేశాడు. ఒక కొండదారిలో ఆయన బండి పల్టీ కొట్టింది. ప్రాణం దక్కింది గానీ ఎడమ మోకాలు వంగడం మానేసింది. పెన్షను పుచ్చుకుని, చేతికర్ర పట్టుకుని ఇంటికొచ్చాడు. తొంభైల మొదటి రోజులవి. అప్పటికి నాయిన ఉన్నాడు, మా ద్రాక్షతోట పచ్చగా ఉంది. నేను జీడిమెట్లలో ఒక చిన్న యూనిట్లో ఫిట్టరుగా పనిచేస్తూ పొద్దున పోయి సాయంత్రం వచ్చేవాణ్ణి.

సికింద్రాబాదులో మిలిటరీ వాళ్లు పాత బండ్లు వేలం వేస్తున్నారని తెలిసి అన్న నన్ను వెంటబెట్టుకుని పోయాడు. వరసగా నిలబెట్టిన బండ్లను ఒక్కొక్కటే దాటుకుంటూ పోయి ఒకదాని ముందు ఆగాడు. వన్ టన్ను పెట్రోలు బండి. టాపు గుడ్డ చిరిగి వేలాడుతోంది, ఇంజను పట్టేసింది, సీటులో ఎలుకలు కాపురం పెట్టాయి. "గిదే," అన్నాడు. ఆయన నడిపిన బండి అది కాదు. అలాంటిదే ఇంకొకటి.

"గంపలు మోస్తది," అని నాయినకు చెప్పాడు. ద్రాక్ష గంపల సంగతి. నాయిన నమ్మినట్టు తల ఊపాడు.

ట్రాక్టరు వెనక కట్టి లాక్కొచ్చి పెరట్లో మొద్దుల మీద నిలబెట్టాం. అది గంపలేవీ మోయలేదు. సాయంత్రాలు అన్న అందులోకెక్కి స్టీరింగు ముందు కూర్చునేవాడు. కుడి కాలు దాని చోట అది ఉండేది. ఎడమ కాలు మాత్రం పక్కకు చాచి ఉండేది, క్లచ్ పెడల్‌ను తాకకుండా. ఆ పెడల్ వైపు ఆయన పొరపాటున కూడా చూసేవాడు కాదు. వదిన టీ అక్కడికే తెచ్చిచ్చేది. పనినుంచి వస్తూ ఆ కూర్చున్న తీరు రోజూ చూసేవాణ్ణి. క్లచ్ కాలికి కాకుండా చేతికొస్తే ఈ మనిషి మళ్లీ బండి నడుపుతాడు కదా అని అప్పుడే తట్టింది. ఎవరికీ చెప్పలేదు. చేసి చూపిద్దామనుకున్నాను.

ఈలోపు నాయిన పోయాడు. బోర్లు ఒకదాని తర్వాత ఒకటి ఎండిపోయాయి. తోట అమ్మేద్దామని అన్న, వద్దని నేను. ఎవరిది తప్పని ఇప్పుడు నన్ను అడగొద్దు, ఇద్దరికీ నోళ్లున్నాయి. చివరికి తోట పోనే పోయింది, ఇల్లు కూడా పంచుకోవాల్సి వచ్చింది. పెద్దమనుషులు నలుగురు వచ్చి తాడు పట్టి కొలిచారు. పడమర పెద్దోడికి, తూర్పు చిన్నోడికి. మా దగ్గర పంపకం అంటే అంతే, దానికి తిరుగు లేదు. నీళ్ల గోలాలు పంచారు, బిందెలు పంచారు, జామచెట్టు ఎవరిదో తేల్చడానికి ఒక పూట పట్టింది. పెరటి నడుమ గోడ లేచింది.

మేస్త్రీ ఆఖరి వరస పెడుతూ తల తిప్పి చూశాడు. "మరి గా బండి ఎట్ల పోతది?" అన్నాడు.

అందరూ నోళ్లు వెళ్లబెట్టారు. బండి నా తూర్పు భాగంలో ఉంది. రోడ్డు వైపు గేటు అన్న పడమర భాగంలో ఉంది. నాకు మిగిలింది వెనక సందు, అందులో మోటారుసైకిలు తిప్పుకోవడమే గగనం. జామచెట్టు కోసం పూటంతా పంచాయితీ చేసిన మనుషులకు ఇంత పెద్ద బండి కంటికి ఆనలేదు.

అన్న నా వైపు చూశాడు. నేను అడిగితే అక్కడికక్కడే ఆపించి దారి వదిలేవాడు. ఆ సంగతి నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు.

"పోనీతీ, గోడ కట్టు," అన్నాను మేస్త్రీతో.

నాకు పెళ్లి కాలేదు. ఎందుకు కాలేదో చెప్పడం నాకే విసుగు. అన్నాళ్లూ వదిన చేతి అన్నమే తిన్నాను. గోడ లేచాక కిరోసిన్ స్టవ్ కొనుక్కున్నాను. ఒక్కడికి వండుకోవడం ఎంత దిక్కుమాలిన పనో అప్పుడు తెలిసింది. పిడికెడు బియ్యం వేసినా ఎక్కువే అయ్యేవి. అవతల తాలింపు వేసిన వాసన గోడ దాటి వచ్చేది, మాటలు మాత్రం వచ్చేవి కాదు. అప్పుడప్పుడు వదిన గోడ మీద ఒక గిన్నె పెట్టి గంటెతో రెండు దెబ్బలు కొట్టేది. "తీస్కో అయ్యా," అని మెల్లగా అనేది. గిన్నె ఖాళీగా తిరిగి పెట్టకూడదు కదా, జామకాయలు ఉంటే జామకాయలు, లేకపోతే అంగట్లో కొన్న బెల్లం ముక్క వేసి పెట్టేవాణ్ణి. కొన్ని వారాలు నేను ఇంకో మనిషితో పెట్టుకున్న సంబంధమంతా ఆ గిన్నే.

అందుకే బండి మీద పడ్డాను. ఆదివారాలన్నీ దానివే. పట్టేసిన ఇంజనులో కిరోసిన్ పోసి వారాలు నానబెట్టాను. పిస్టన్లు కదిలాక విప్పి, కడిగి, అరిగిన వాటికి తుక్కు దుకాణాలు తిరిగి జోడు వెతికాను. టైర్లు వేసి మొద్దుల మీదనుంచి కిందికి దించాను. తుప్పు గీకుతుంటే లోపలి మిలిటరీ పచ్చ పొరలు పొరలుగా లేచివచ్చేది. ఆ రంగు మామూలు జనం వేసుకోకూడదు. అందుకని తోటలో మందు కొట్టేటప్పుడు కలిపే మైలుతుత్తం నీలం రంగు వేయించాను. చూసినవాళ్లు నవ్వారు. నాకు మాత్రం దాన్ని చూస్తే ద్రాక్ష పందిళ్లు గుర్తొచ్చేవి.

క్లచ్ దగ్గర చుక్కలు కనబడ్డాయి. మోటారుసైకిలుకు ఉన్నట్టు ఒక పిడి చేసి గేరు రాడ్డుకే బిగించాను. అదే చేత్తో పిడి నొక్కాలి, అదే చేత్తో గేరు మార్చాలి. పిడినుంచి కేబుల్ కిందికి పోయి పెడల్‌ను లాగాలి. మొదటిసారి రెండు చేతులతో నొక్కినా పెడల్ కదల్లేదు. రెండోసారి కేబుల్ తెగి వేళ్ల మీద కొట్టింది. తర్వాత ఒక పాత కారు బ్రేకు డబ్బా తెచ్చాను, ఇంజను గాలి పీల్చుకునే బలంతో పనిచేసేది. దాన్ని మధ్యలో కలిపితే అప్పుడు కదిలింది.

కదిలింది సరే, ఆయనకు పనికొస్తుందా? అది తెలుసుకోవడానికి నా ఎడమ కాలికి రెండు చెక్కలు పెట్టి, మోకాలు వంగకుండా తువ్వాలతో కట్టుకుని బండెక్కబోయాను. మొదటి మెట్టు దగ్గరే బోర్లా పడ్డాను. దుమ్ములో పడి ఉండి చాలాసేపు లేవలేదు. ఈ కాలితో ఆయన రోజూ సాయంత్రం ఎట్లా ఎక్కి కూర్చునేవాడో, దిగేటప్పుడు ఎవరి చేయీ ఎందుకు అడిగేవాడు కాదో తలుచుకుంటే ఏడుపొచ్చింది. చూసేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి ఏడ్చాను. మరుసటి ఆదివారం కిందికి ఇంకో మెట్టు, పక్కన పట్టుకోవడానికి ఒక గొట్టం వెల్డింగ్ చేశాను.

ఈ క్లచ్ పనికి ముందే, ఇంజను మొదటిసారి స్టార్టయిన రోజు గోడవతల చేతికర్ర చప్పుడు వినిపించింది. టక్ టక్ మంటూ వచ్చి గోడ దగ్గర ఆగింది. నేను ఇంజను ఆపేదాకా అక్కడే ఉంది. ఆపాక తిరిగి పోయింది. ఆ తర్వాత ప్రతి ఆదివారం అంతే. నేను స్టార్టు చేస్తే కర్ర వచ్చేది, ఆపితే పోయేది. నా వారమంతా ఆ చప్పుడు కోసం ఎదురుచూడటమేనని ఒప్పుకోవడానికి నాకు సిగ్గులేదు.

ఒక ఆదివారం అన్న గొంతు వినబడింది. నాతో కాదు. మాటలు లేని మనుషులు మాట్లాడుకునే పద్ధతి ఒకటుంది కదా, పక్కవాళ్లతో అన్నట్టు అనడం. "ఇంటున్నవా, గా బండి మిస్సింగ్ కొడ్తాంది," అన్నాడు వదినతో, మా సందు చివరిదాకా వినబడేటట్టు. "ఒక ప్లగ్గు సచ్చింది. చెవులున్నోడైతే గీపాటికి మార్చెటోడు."

గోడకు ఇటువైపు నా పక్కన వదిన లేదు. కాళ్ల దగ్గర తిరిగే కోడి ఉంది. "ఇన్నవా కోడీ," అన్నాను నేను కూడా అంతే గట్టిగా. "గోడెనక నిలవడి మెకానిక్‌గిరి జేస్తున్నరు కొందరు."

అవతల దగ్గు వినిపించింది. అది దగ్గు కాదు, నవ్వు మింగుకోవడం. చిన్నప్పటినుంచి ఆ దగ్గు నాకు తెలుసు.

మరుసటి ఆదివారానికి ప్లగ్గు మార్చాను. ఇంజను సాఫుగా తిరిగింది. "మార్చిన కోడీ, ప్లగ్గు," అన్నాను.

కర్ర చాలాసేపు కదల్లేదు. ఏళ్లు అట్లా గడిచాయి. ఒక్క మాట అడిగితే అయిపోయేది. అడగలేదు. ఆయనా రమ్మనలేదు.

రింగు రోడ్డు వస్తుందన్న మాట పుట్టాక రోడ్డు పక్క జాగాల మీద జనం ఎగబడ్డారు. ఒకరోజు వదిన గిన్నె పెట్టి, గంటె కొట్టి, అక్కడే నిలబడింది. "అమ్మేసినం అయ్యా. బిడ్డ దగ్గరికి శామీర్‌పేట పోతున్నం," అంది. కూతురూ అల్లుడూ అక్కడ కొత్త కాలనీలో ఉంటున్నారు. అల్లుడికి తుర్కపల్లిలో మందుల కంపెనీలో ఉద్యోగం.

నాకు కోపం రాలేదు, భయమేసింది. గేటు ఇక పరాయివాళ్లది. బండి ఎప్పటికీ బయటపడదు. అంతకన్నా, ఆదివారం ఇంజను స్టార్టు చేస్తే గోడవతల ఎవరూ ఉండరు.

వాళ్లు పోయే పొద్దున నేను పనికి పోలేదు. గేటు ముందు డీసీఎం లారీ నిలబెట్టి సామాను ఎక్కించారు. కొన్నవాళ్ల జేసీబీ అప్పుడే వచ్చేసింది, ఇల్లు కూలగొట్టడానికి. డ్రైవరు ఎక్కడినుంచి మొదలుపెట్టమంటారని అడిగాడు.

"గా నడుమ గోడ ముందుగాల తియ్యి," అన్న గొంతు వినబడింది.

ఇన్నేళ్ల గోడ టీ తాగినంత సేపు కూడా నిలబడలేదు. దుమ్ము తగ్గాక ఇటుకల మీదుగా కర్ర వేసుకుంటూ అన్న నా వైపుకు వచ్చాడు. తల పూర్తిగా నెరిసింది. గోడవతల గొంతు ముసలిదవడం నాకు తెలియలేదు. నన్ను చూడకుండా బండి దగ్గరికి పోయాడు. కింది మెట్టు చూశాడు. గొట్టం పట్టుకుని ఎక్కి కూర్చున్నాడు. గేరు రాడ్డు మీద చేయి వేసి ఆగిపోయాడు.

"గిదేంది?"

"క్లచ్."

"చేత్తోనా?"

"ఊ."

"ఎవలికి జేసినవ్?"

"కోడికి," అన్నాను.

ఆయన తల దించుకున్నాడు. భుజాలు కదిలాయి. దగ్గు రాలేదు ఈసారి. కాసేపటికి మొహం తుడుచుకుని, "ఎక్కు," అన్నాడు.

మొదట బండి ఎగిరిపడి ఆగిపోయింది. మళ్లీ స్టార్టు చేశాడు. పిడి నొక్కి గేరు వేసి మెల్లగా వదిలాడు. కూలిన గోడ మీదుగా, గేటులోంచి బండి రోడ్డెక్కింది. రైల్వే గేటు దాకా పోయి తిప్పుకుని వచ్చాం. ఆయన మొహం అట్లా నేను చూడలేదు, మిలిటరీకి పోకముందు కూడా.

"గోడ కట్టిన్నాడు అడగకపోతివి," అన్నాడు దారిలో.

"నువ్వు ఇయ్యకపోతివి."

"ఔ," అన్నాడు. అంతే, ఆ తగాదా అక్కడితో అయిపోయింది.

దిగాక ఎడమ చేతి వేళ్లు విరుచుకుంటూ అన్నాడు: "పిడి మస్తు గట్టిగున్నది రా. స్ప్రింగు మార్చు. మార్చినంక శామీర్‌పేటకు తీస్కరా, చెర్వు కట్ట మీదికెళ్లి పోదం." డీసీఎం ఎక్కి వదినతో వెళ్లిపోయాడు. నేను ఊరి చివర పెట్రోలు బంకు వెనక ఖాళీ జాగా అడుక్కుని బండి అక్కడ పెట్టాను.

సరైన స్ప్రింగు దొరకడానికి తిరగాల్సి వచ్చింది. ఒకటి పొడవు, ఒకటి మెత్తన. దొరికింది బిగించాక పిడి రెండు వేళ్లకు వచ్చింది. ఆదివారం తీసుకుపోదామనుకున్నాను. శుక్రవారం పొద్దున వదిన ఫోను చేసింది. "మీ అన్న లేస్తలేడు అయ్యా," అంది.

ఆ బండిలోనే పోయాను. నా రెండు కాళ్లూ బాగానే ఉన్నాయి. అయినా దారి పొడవునా ఎడమ కాలు పక్కకు చాచే ఉంచాను, క్లచ్‌ను చేత్తోనే నొక్కాను. చెరువు కట్ట మీదుగానే పోయాను. పక్క సీటు ఖాళీగా ఊగుతూ వచ్చింది. కాలనీలో జనం పక్కకు జరిగి దారిచ్చారు. అన్నను వరండాలో పడుకోబెట్టారు, వదిన తల దగ్గర కూర్చుని ఉంది.

నేను అన్న మొహం వైపు చూడలేదు. ఎప్పటిలాగే పక్కకు చూస్తూ, ఆయనకు వినబడేంత గట్టిగా చెప్పాను.

"మార్చిన వదినా, స్ప్రింగు."