సెలవుల తర్వాతి మొదటి కుట్టు

ఆగస్టు నెలలో ఇటలీలోని మా మార్కె కొండల్లో తలుపు తెరిచి ఉందంటే, అది చర్చి అయినా అయి ఉండాలి, ఐస్‌క్రీం కొట్టయినా అయి ఉండాలి. బూట్ల కార్ఖానాలన్నీ తాళాలు వేసుకుని సముద్రానికి పోతాయి. నెలాఖరుకి మనుషులు ఒళ్లు నల్లబడి తిరిగొస్తారు గానీ, మనసు మాత్రం ఆ ఇసకలోనే వదిలేసి వస్తారు. వాళ్లని మళ్లీ పనిలో కూర్చోబెట్టడం ఎంత కష్టమో నీవెస్ రిపానీకి తెలిసినంతగా మా ఊళ్లో ఇంకెవరికీ తెలియదు.

నీవెస్ పద్నాలుగో ఏట మిషను ముందు కూర్చుంది. బూటు పైతోలు కుట్టే గదికి ఇప్పుడు ఆవిడే మేస్త్రమ్మ. మేస్త్రమ్మ అయిన తొలి ఏడాది, సెలవుల నుంచి వచ్చిన పూటే అందర్నీ గబగబా పనిలోకి దించింది. ఒక పిల్ల వేల్లోకి సూది దిగిపోయింది. మరుసటి ఏటి నుంచి ఆవిడ ఒక పద్ధతి పెట్టింది. మొదటి పూట అసలు తోలు ఎవరూ ముట్టకూడదు. తలా ఒక తుక్కు తోలుపట్టీ తీసుకుని ఈ చివర నుంచి ఆ చివరకి ఒక్క వరస తిన్నగా కుట్టాలి. తర్వాత పట్టీలన్నీ బల్ల మీద పరిచి, ఎవరిది ఎంత వంకరో చూసి పడీపడీ నవ్వుకోవాలి. ఆ నవ్వుల్లో చేతులకు పట్టిన తుప్పూ వదిలేది, జూలైలో పడ్డ తగువులూ వదిలేవి. పట్టీలు మధ్యాహ్నానికల్లా చెత్తబుట్టలోకి పోయేవి. యజమాని కంట పడేవే కావు.

ఈసారి కార్ఖానా తెరిచే ముందురోజు చిన్న యజమాని ఎలియో ఆవిడను కాఫీకొట్టుకు పిలిపించాడు.

"ఆర్డర్లు సగం చవగ్గా కుట్టే అల్బేనియాకి పోయాయి, నీవెస్. నలుగుర్ని తీసెయ్యాలి."

"ఎవర్ని?"

"నన్నడుగుతావేంటి? రేపు ఆ పట్టీల ఆట ఆడిస్తావుగా. పేర్లు రాయించి నాకు తెచ్చివ్వు. కుట్టు చూసి తేలుస్తా. ఎవరికీ అన్యాయం చేసినట్టుండదు."

నవ్వించడానికి పెట్టిన ఆటను జల్లెడ చెయ్యమంటున్నాడు. చిన్నప్పుడు వీడికి లేసు కట్టుకోవడం నేర్పింది తనే అని గుర్తొచ్చి ఆవిడకు ఒళ్లు మండిపోయింది.

"నా వల్ల కాదు బాబూ" అని లేచి వచ్చేసింది.

దారి పొడుగునా ఆవిడ కళ్ల ముందు మెదిలినవి అసుంత చేతులు. ఇద్దరూ ఒకే వారంలో పనిలో చేరినవాళ్లు. అసుంతకు కీళ్లవాతం. వేళ్ల కణుపులు వాచిపోయాయి. తేలిక ముక్కలన్నీ ఆమె బల్ల మీదికి జరిపి నీవెస్ ఇన్నాళ్లూ నెట్టుకొచ్చింది. అసుంత మొగుడు పోయాడు. పెన్షను చేతికి రావడానికి ఇంకా మూడేళ్లుంది. ఈ వయసులో ఆమెను ఇంకో కార్ఖానా గుమ్మం ఎక్కనివ్వదు.

పట్టీలే లేకపోతే వాడు దేన్ని చూసి ఎంచుతాడు? ముందు రేపు ఒక్క పూట అందర్నీ నిమ్మళంగా కలవనిచ్చి, భోజనాల దగ్గర చెబుదాం అనుకుంది నీవెస్. చెప్పాల్సిన చేదుమాట వాయిదా వేసేవాళ్లందరూ అలాగే అనుకుంటారు.

పొద్దున్నే ఆడవాళ్లంతా వచ్చారు. బుగ్గల మీద ముద్దులు, కేకలు.

"ఏంటే, మాడిన పెనంలా తయారయ్యావ్!"

"మా ఆయన ఎండలో గొడుగు కింద పడుకున్నాడు, నేను వంటపొయ్యి ముందు నిలబడ్డాను. అందుకే ఈ రంగు!"

నీవెస్ మిషన్ల మధ్యకు వచ్చి నిలబడింది.

"ఈ ఏడు పట్టీలు లేవు. నేరుగా పనిలో కూర్చోండి" అంది.

"అదేంటక్కా, అపశకునం!" అంది లొరెదాన. గదిలో అందరికంటే నోరున్నది ఆమే. "ఎవరి వేలు తెగాలని?"

"చెప్పింది చెయ్యండి!" అని కసిరి, కన్నీళ్లు వాళ్లకు కనపడకుండా తోళ్లు దాచే కొట్టుగదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

లోపల నుంచి మిషన్ల చప్పుడు విని, పోనీలే, మాట విన్నారనుకుంది. కాసేపటికి చప్పుడు ఆగింది. బయటికొచ్చి చూస్తే కుర్చీలన్నీ ఖాళీ. మేడ మీది యజమాని గదిలోంచి ఆడవాళ్లంతా నవ్వుతూ మెట్లు దిగుతున్నారు.

"నీకు మనసు బాగాలేదని మేమే కుట్టేశాం అక్కా!" అంది లొరెదాన. "ఈసారి తీర్పు ఎలియోని చెప్పమన్నాం."

"పేర్లు రాశారా?"

"వెనకాల సుద్దముక్కతో రాశాంగా! లేకపోతే ఎవరి వంకర ఎవరిదో ఎలా తెలుస్తుంది?"

నీవెస్ వాళ్లను తోసుకుంటూ మెట్లెక్కింది. ఎలియో ముందు బల్ల మీద పట్టీలు వరసగా ఉన్నాయి. ఆవిడ చెయ్యి చాపేలోగా వాటి మీద అరచెయ్యి ఆనించాడు.

"నేనడగలేదు నీవెస్. వాళ్లే తెచ్చిచ్చారు" అన్నాడు, తలెత్తకుండా.

ఆవిడ ఎంత బతిమాలినా ఆ చెయ్యి తియ్యలేదు.

కిందికి దిగేసరికి మెట్ల దగ్గర అసుంత ఒక్కతే నిలబడి ఉంది. మిగతావాళ్లు దారాలు ఎక్కించుకుంటున్నారు.

"ఏమయిందే? మొహం అలా పాలిపోయిందేం?"

ఇక దాచడానికి ఏమీ లేదు. "ఆ కుట్లు చూసి నలుగుర్ని తీసేస్తాడే. నిన్న నాతో చెప్పాడు."

"నిన్ననా?"

నీవెస్ తలూపింది. తల ఎత్తి ఆమె మొహం చూసే ధైర్యం లేకపోయింది.

అసుంత వాచిన వేళ్లను నడుముకు కట్టుకున్న పనిగుడ్డలో చుట్టుకుంది.

"వాడి బల్ల మీద వరస పేర్చింది నేనేనే" అంది మెల్లగా. "బాగా వచ్చినవి పైన, వంకరవి అడుగున. నాది అన్నిటికంటే అడుగున పెట్టాను. చూసి నవ్వుతాడనుకున్నా."