ఆనందమ్మ ఆగిన చోటు

మా జేజి, అంటే మా నాయనమ్మ, ఆనందమ్మకు ఆలస్యమంటే గిట్టదు. నలభై ఏండ్లు జమ్మలమడుగులో పాఠాలు చెప్పింది. గంట కొట్టినాక వచ్చిన పిల్లకాయలను ఎండలో నిలబెట్టింది. అట్లాంటి మనిషిని, అరవై ఎనిమిదేండ్ల వయసులో, ముగ్గురు మొగోళ్ళు కలిసి "నువ్వే ఆలస్యం" అంటే ముక్కు మీది కళ్ళద్దాలు ఎగిరిపడకుండా ఎట్లుంటాయి?

ఆ ముగ్గురితో కలిసి జేజి కీబోర్డు మీద జాజ్ వాయిస్తుంది. ప్రొద్దుటూరులో గౌస్ మొహిద్దీన్ మిద్దె మీద, ఆదివారం మధ్యాహ్నాలు సాధన. గౌస్ పెండ్లి ఊరేగింపుల్లో డ్రమ్ము కొడతాడు. క్లారినెట్టు ఖలందర్‌ది. పన్నెండేండ్లు కువైట్‌లో కారు తోలి, అందరూ దుప్పట్లు మోసుకొస్తాంటే ఆయన ఈడ నుంచి తీసుకపోయిన క్లారినెట్టునే మళ్ళా మోసుకొచ్చినాడు. గిటారు వివేక్‌ది. పులివెందుల పిల్లోడు, కలమల్ల దగ్గర కరెంటు ప్లాంటులో ఉద్యోగం. అందరికీ ఈ పిచ్చి అంటించింది అతనే.

"తెలిసిన పాటనే ప్రతిసారీ కొత్తగా వాయించడం టీచర్, జాజ్ అంటే," అన్నాడు మొదటిరోజు.

"మా చర్చిలో అందరూ అట్లే పాడతారప్పా," అంది జేజి.

అసలు చిక్కంతా ఆ చర్చి దగ్గరే ఉంది. యాభై ఏండ్లు ఆమె ఆడ హార్మోనియం, తర్వాత కీబోర్డు వాయించింది. ముందు బెంచీలో దేవపాలు తాత కూచుంటాడు. పాట అందరికన్నా ముందు ఎత్తుకొని, అందరికన్నా వెనక ముగిస్తాడు. చరణం చివర ఆయన ఊపిరి తీసుకొని, తువ్వాలతో మూతి తుడుచుకునేదాకా ఆగి, అప్పుడు జేజి తర్వాతి స్వరం మీద వేలు వేసేది. ఆగీ ఆగీ వేళ్ళకు అదే అలవాటైపోయింది. గౌస్ చేతులేమో దీనికి తలకిందులు. ఊరేగింపులో చిందులేసే కుర్రోళ్ళు వెనక నుంచి తరుముతాండారేమో అన్నట్టు పరిగెత్తుతాయి.

"మేడమ్, మీరొచ్చేలోపల నేను పాట ముగించి టీ తాగొస్తాండా!"

"పోయి తాగిరా గౌసూ. నాకూ ఒకటి పట్టుకరా."

నవ్వింది గానీ, లోపల వేరే దిగులుండేది. పోయినేడు చర్చిలో కీబోర్డు ఒక కాలేజీ పిల్లకు ఇచ్చినారు. ఇంగ జేజి వేళ్ళకు ఈ మిద్దె ఒక్కటే దిక్కు. ఆ సంగతి ఈ ముగ్గురికీ చెప్పలేదు. వివేక్ చెల్లెలు స్వాతి పెండ్లి విందులో వాయించాలని ఖాయమైనాక, అతను తల గోక్కుంటా అన్నాడు: "ఈ ఒక్కసారి చూద్దాం టీచర్. ఆడ కూడా కుదరకపోతే ఇంగ మేం ముగ్గురమే..."

మిగతాది మింగేసినాడు.

ఆ వారమంతా జేజి గోడ గడియారం ముందు కూచొని కందిపప్పు ఏరుతా, టిక్కు టిక్కుకూ ఒక వేలు కదిలించింది. వేళ్ళు దారికొచ్చినాయో లేదో గానీ, ఇంట్లో అందరం పప్పులో రాళ్ళు నమిలినాం.

పులివెందుల కల్యాణ మండపం, పగలు పదకొండు గంటలు. స్వాతి వాకిలి నుంచి వేదిక దాకా నడిచొచ్చేదానికి మూడు నిమిషాల పాట కొలిచి పెట్టుకున్నారు. ఆమె వేదికెక్కంగానే గౌస్ చివరి దెబ్బ. అయితే స్వాతి ఒక్కతే రాలేదు. వాళ్ళవ్వ రమణమ్మ చెయ్యి పట్టుకొని వచ్చింది. రమణమ్మకు రెండు మోకాళ్ళూ నొప్పే. పైగా తెలిసిన ముఖం కనబడితే పలకరించకుండా అడుగేసే మనిషి కాదు.

"ఏమ్మే, ఎప్పుడొస్తిరి? టిఫను తిన్నారా?"

పెండ్లికూతురు సగం దారిలో ఉండంగానే పాట చివరికొచ్చేసింది. గౌస్ కర్రలు పైకెత్తినాడు. ఇప్పుడు ముగిస్తే మిగతా దారంతా సద్దు లేకుండా నడవాల. వివేక్ ముఖం తెల్లబోయింది.

జేజి రమణమ్మ మోకాళ్ళను చూసింది. గోడ గడియారాన్ని మరిచిపోయింది. చివరి స్వరం వాయించకుండా, దాని ముందు స్వరం మీదే వేలుంచి ఆగింది. రమణమ్మ ఒక అడుగేసింది. జేజి ఇంకో స్వరం పలికించి మళ్ళా ఆగింది.

గౌస్ కర్రలు గాల్లోనే నిలబడినాయి. బడిలో అల్లరోన్ని చూసినట్టు జేజి అతన్ని ఒక్క చూపు చూసింది. గౌస్ కర్రలు దించి, వివేక్ కొనిచ్చినా ఇన్నాళ్ళూ ముట్టని తీగల బ్రష్షులు తీసుకొని, డ్రమ్ము మీద మెల్లగా ఊడ్చడం మొదలుపెట్టినాడు. జేజి వదిలిన ఖాళీల్లోకి ఖలందర్ క్లారినెట్టు దూరింది. రమణమ్మ ఎవర్నో పలకరిస్తే, అది కూడా "బాగుండారా?" అన్నట్టు ఒక కూత కూసింది. జనం పకపకా నవ్వినారు. రమణమ్మ అది కనిపెట్టి, కావాలనే ఇంకో ఇద్దర్ని పలకరించింది.

మూడు నిమిషాల పాట తొమ్మిది నిమిషాలైంది. స్వాతి వేదికెక్కినాకే చివరి స్వరం మోగింది.

భోజనాల దగ్గర వివేక్ తినడం మరిచి జేజి పక్కన నిలబడినాడు. "నేను వెతుకుతాండేది ఇదే టీచర్! మీరు లేకుండా ముగ్గురమేంది, నా ముఖం! ఆ ఆగడం యాడ నేర్చుకున్నారు?"

"ఆదివారం పొద్దున రా, చూపిస్తా. ముందు అన్నం తిను."

"మమ్మల్ని పిలవవా అక్కా?" అన్నాడు ఖలందర్, ఆకులో నుంచి తలెత్తి.

ఆ ఆదివారం జమ్మలమడుగు చర్చిలో చివరి బెంచీ మీద ముగ్గురు కొత్తోళ్ళు, నడుమ మా జేజి. కీబోర్డు పిల్ల పాట ముగించేసింది. దేవపాలు తాత మాత్రం ఇంకా పాడతానే ఉన్నాడు. గౌస్ బెంచీ మీద వేలితో తాళం వెయ్యబోయి, ఆగినాడు. తాత ఊపిరి తీసుకున్నాడు. తువ్వాలతో మూతి తుడుచుకున్నాడు. అప్పుడు పడింది గౌస్ వేలు, సరిగ్గా తాత గొంతుతో పాటు.

జేజి అతని చెవి దగ్గరికి వంగింది.

"ఇప్పుడు పోయి టీ తాగొచ్చులే నాయనా."